పెన్నుల తయారీలో కలప స్థిరీకరణ: సొంతంగా చేసుకోవడమా, మానుకోవడమా

కలపలోని సూక్ష్మ ఖాళీల్లోకి పలుచని ద్రవ రెజిన్‌ను ఎక్కించి, వేడితో గట్టిపరిచే ప్రక్రియను కలప స్థిరీకరణ అంటారు. పెన్నులు చేసేవాళ్ల వాడుకలో ఇది ‘స్టెబిలైజింగ్’. లేతు మిషన్‌పై పెన్ను చెక్కడానికి కోసిపెట్టుకున్న చిన్న కలప దిమ్మెను బ్లాంకు అంటారు. దాని సాధారణ కొలత 19 × 19 × 127 మి.మీ. మెత్తబడిన, చివికిన, బెండుబారిన కలపను కూడా పెన్ను చేయదగినంత గట్టిగా మార్చడం ఈ ప్రక్రియ ప్రధాన ప్రయోజనం. కత్తి పిడుల తయారీలోనూ దీని వాడుక విస్తృతంగా ఉంది. స్థిరీకరించిన బ్లాంకులు అంగట్లో దొరుకుతాయి. ఇంట్లో చేసుకునే పరికరాలు కూడా దొరుకుతాయి. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: వాడే కలప రకం, ఏటా చేసే పెన్నుల సంఖ్య, కలపను పూర్తిగా ఆరబెట్టే ఓపిక.

చారిత్రక నేపథ్యం

కలపలోకి రసాయనాలు ఎక్కించి దాని గుణాన్ని మార్చే ప్రయత్నాలు పెన్నుల కోసం మొదలైనవి కావు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో 1910లో ఏర్పడిన అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ఈ రంగంలో తొలి ముఖ్య కేంద్రం. అక్కడి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టామ్, ఆయన సహచరులు 1930లు, 1940లలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెజిన్ ఎక్కించిన ‘ఇంప్రెగ్’ను, దాన్నే ఒత్తిడితో నొక్కి చేసిన ‘కాంప్రెగ్’ను రూపొందించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల ప్రొపెల్లర్లకు కాంప్రెగ్‌ను వాడారు.

పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనపు పదార్థానిది మరో దారి. 1628లో మునిగిన స్వీడన్ యుద్ధనౌక వాసాను 1961లో పైకి తీసినప్పుడు, నీరు పీల్చిన ఓక్ కలప ఎండి పగిలిపోకుండా 1962 నుంచి 1979 వరకు దాని మీద ఈ ద్రావణాన్ని చల్లారు. నీళ్లలో ఊరిన పాత కలపకు ఇది తగిన పద్ధతి. పెన్ను బ్లాంకుకు కాదు, ఎందుకంటే ఈ పదార్థం కలపను గట్టిపరచదు.

నేటి స్థిరీకరణకు దగ్గరి మూలం 1960ల నాటి కలప-ప్లాస్టిక్ ప్రయోగాల్లో ఉంది. మిథైల్ మెథాక్రిలేట్‌ను కలపలోకి ఎక్కించి గామా కిరణాలతో గట్టిపరిచే పద్ధతిని అప్పట్లో అమెరికాలో పరీక్షించారు. కిరణాలకు బదులు ఉత్ప్రేరకం, వేడి చాలునని జాన్ మేయర్ 1965లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. అణు కేంద్రం అవసరం లేకుండా చిన్న కార్ఖానాలోనూ ఈ పని చేసే వీలు అలా ఏర్పడింది. ఇవాళ ఇళ్లలో ఎక్కువగా వాడే ‘కాక్టస్ జ్యూస్’ కూడా వేడితో గట్టిపడే మెథాక్రిలేట్ రకం రెజినే. దీన్ని అమెరికాలోని టెక్సస్‌కు చెందిన టర్న్‌టెక్స్ సంస్థ తయారు చేస్తుంది.

కలప ఎందుకు కదులుతుంది

కలపలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల లోపలి ఖాళీల్లో ఉండేది స్వేచ్ఛా జలం, కణపు గోడల్లో ఇంకినది బద్ధ జలం. తేమ సుమారు 28 నుంచి 30 శాతానికి దిగేసరికి స్వేచ్ఛా జలం అయిపోతుంది. అక్కడి నుంచి గోడల్లోని నీరు పోవడం మొదలై, కలప కుంచించుకుపోతుంది. ఈ కుంచింపు అన్ని దిక్కులా సమానం కాదు. నిలువునా దాదాపు ఉండదు. వార్షిక వలయాల వెంట, అంటే చుట్టుకొలత దిశలో, అది మధ్య నుంచి అంచుకు పోయే దిశలో కన్నా సుమారు రెట్టింపు. టేకులో ఈ రెండూ వరుసగా 5.8 శాతం, 2.5 శాతం. టేకు కదలదని వడ్రంగులు నమ్మడానికి ఈ తక్కువ అంకెలే కారణం.

పెన్నులో ఈ కదలిక మరింత ఇబ్బంది పెడుతుంది. చెక్క లోపల ఇత్తడి గొట్టం అతికి ఉంటుంది. చెక్క కుంచించుకున్నా గొట్టం కుంచించుకోదు. గాలి తేమ 80 శాతం ఉన్న వానాకాలపు కోస్తాలో కలప తేమ సుమారు 16 శాతం దగ్గర నిలుస్తుంది. 30 శాతం గాలి తేమ ఉన్న రాయలసీమ ఎండల్లో అది దాదాపు 6 శాతానికి పడిపోతుంది. 12 మి.మీ. వ్యాసమున్న పెన్ను చుట్టుకొలత సుమారు 38 మి.మీ. సాధారణ కలపలో ఈ 10 శాతం తేమ మార్పుకు ఆ చుట్టుకొలత దాదాపు 0.8 మి.మీ. తగ్గాలని చూస్తుంది. గొట్టం అడ్డుపడటంతో పెన్ను పొడవునా సన్నని పగులు వస్తుంది. బిగింపుల దగ్గర చెక్క మందం మిల్లీమీటరు కన్నా తక్కువ కాబట్టి పగులు తరచు అక్కడే మొదలవుతుంది.

రెజిన్ చేసేది, చేయనిది

మెథాక్రిలేట్ రెజిన్ ముఖ్యంగా కణాల లోపలి ఖాళీలను నింపుతుంది. గోడల్లోకి పెద్దగా ఇంకదు. అందువల్ల కలప గట్టిపడుతుంది, బరువెక్కుతుంది, మెరుగు బాగా పడుతుంది, తేమ లోపలికి పోయే వేగం చాలా తగ్గుతుంది. అయితే గోడలకు తేమ పీల్చే గుణం అలాగే ఉంటుంది. స్థిరీకరించిన కలప కదలిక చాలా నెమ్మదిస్తుందే తప్ప పూర్తిగా ఆగిపోదు.

ఎంత రెజిన్ పడుతుందన్నది కలప సాంద్రతను బట్టి ముందే అంచనా వేయవచ్చు. ఏ చెట్టుదైనా కణపు గోడ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములు. ఒక బ్లాంకు ఘనపరిమాణం సుమారు 46 ఘ.సెం.మీ. సాంద్రత 0.5 ఉన్న కలపలో మూడింట రెండు వంతులు ఖాళీయే. 23 గ్రాముల అలాంటి బ్లాంకు సిద్ధాంతరీత్యా 32 గ్రాముల దాకా రెజిన్ పట్టగలదు. సాంద్రత 1.1 ఉన్న కలపలో ఖాళీ పావు వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ కొద్ది ఖాళీ కూడా నూనెలతో, జిగురు పదార్థాలతో మూసుకుని ఉంటుంది.

పెన్ను పగుళ్ల గురించి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు నల్లచేవ (ఎబొనీ) కలప మీద. రెజిన్ అతి తక్కువగా పట్టే కలపల్లోనూ అదొకటి. పగుళ్ల భయంతో స్థిరీకరణ వైపు చూసేవారు ఈ సంగతి గుర్తించాలి. దట్టమైన కలపకు మందు నిదానంగా, పూర్తిగా ఆరబెట్టడం, రంధ్రం వేశాక కొన్నాళ్లు వదిలేయడం, సానపట్టేటప్పుడు వేడెక్కనివ్వకపోవడం.

ఏ కలపకు అవసరం

బూజు చారలు పట్టిన కలప, చెట్టు బుడిపెలు, చేవ పట్టని పైకలప, గుల్లబారిన వేర్లు స్థిరీకరణకు బాగా లొంగుతాయి. బూజు పట్టిన కలపలో శిలీంధ్రాలు గీసిన నల్లటి గీతలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ అవే శిలీంధ్రాలు చెక్కను చివికిస్తాయి. ఉలి తగలగానే పోగులు లేచిపోతాయి. ఇలాంటి చింతకలప బ్లాంకులకు ప్రపంచమంతటా గిరాకీ ఉంది. బూజు చారల మామిడి కూడా ఇదే కోవలోనిది.

తాటి, కొబ్బరి కలపలది మరో సమస్య. వాటిలో ఇనుములాంటి నల్లటి నారపోగులు మెత్తని బెండులో పొదిగి ఉంటాయి. లేతు మీద బెండు రాలిపోయి పోగులు మిగులుతాయి. రెజిన్ ఆ బెండును గట్టిపరిచి రెండింటినీ ఒక్కటిగా నిలబెడుతుంది. మొక్కజొన్న కండె బెండును కూడా ఇలాగే గట్టిపరిచి పెన్నులు చేస్తున్నారు.

ఎర్రచందనం, ఇరుగుడు, నల్లచేవ, బాగా చేవ పట్టిన టేకు వంటి వాటికి స్థిరీకరణ అక్కర్లేదు, చేసినా ఫలితం అత్యల్పం. శేషాచలం కొండల పరిసరాలకే పరిమితమైన ఎర్రచందనంపై అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం ఆంక్షలు, అటవీ చట్టం అదుపు ఉన్నాయి. ముక్క చిన్నదైనా సక్రమ పత్రాలు లేకుండా కొనకూడదు. తెల్ల ఓక్ చేవలో రసనాళాలు టైలోసులు అనే పొరలతో సహజంగా మూసుకుని ఉంటాయి కాబట్టి అదీ రెజిన్‌ను సరిగా పీల్చదు.

ఇంటి పద్ధతి

పనిలో మొదటి మెట్టు ఆరబెట్టడం. ఫలితం మంచిచెడ్డలను చాలావరకు నిర్ణయించేదీ ఇదే. గాలికి ఆరిన కలప చాలదు. బ్లాంకులను 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో కనీసం ఒక రోజు ఉంచి, మధ్యమధ్య తూచి, బరువు తగ్గడం ఆగేదాకా ఆరనివ్వాలి. పచ్చి కలపను నేరుగా ఓవెన్‌లో పెడితే పగులుతుంది. అందుకే ముందు నెలల తరబడి నీడన ఆరనివ్వాలి. ఓవెన్ నుంచి తీసిన బ్లాంకును గాలి చొరని సంచిలో చల్లార్చాలి. బయట చల్లారితే తేమను మళ్లీ పీలుస్తుంది. వేడిగానే రెజిన్‌లో వేస్తే ద్రవం అకాలంగా గట్టిపడే ప్రమాదం ఉంది.

రెండో మెట్టు శూన్యం. బ్లాంకులు తేలకుండా బరువు పెట్టి, రెజిన్‌లో పూర్తిగా ముంచి, పాత్రలోని గాలిని పంపుతో లాగేస్తారు. మొదట్లో నురగ బాగా పొంగుతుంది కాబట్టి పాత్రలో సగం ఖాళీ వదలాలి. బుడగలు దాదాపు ఆగేదాకా, కలపను బట్టి కొన్ని గంటల పాటు, పంపు నడుస్తూనే ఉండాలి. ఈ దశలో గాలి బయటికి వస్తుంది. కలపలోకి రెజిన్ ఎక్కేది చాలావరకు ఆ తర్వాతే. శూన్యాన్ని వదలగానే బయటి వాతావరణ పీడనం ద్రవాన్ని ఖాళీల్లోకి నెడుతుంది, చెక్క స్పాంజిలా పీల్చుకుంటుంది. కనుక శూన్యంలో ఉంచినదానికి కనీసం రెట్టింపు కాలం రెజిన్‌లోనే నాననివ్వడం మంచిది. తొందరపడి తీసేసిన బ్లాంకుల నడుమ ఎండు చెక్క మిగిలిపోతుంది.

బుడగలు ఎంతకీ ఆగకపోతే తప్పు సాధారణంగా పంపుది కాదు, తేమది. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 32 మి.మీ. పాదరసం. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న విశాఖపట్నంలో శూన్యాన్ని చూపే గేజు 728 మి.మీ. దాటితే కలపలోని నీరు గది వేడికే మరుగుతుంది. ఆ ఆవిరి పంపు నూనెను పాడు చేస్తుంది, రెజిన్‌ను కూడా చెడగొడుతుంది. సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో వాతావరణ పీడనమే దాదాపు 712 మి.మీ. అక్కడ గేజు 760కి చేరకపోవడం పంపు లోపం కాదు.

మూడో మెట్టు వేడి. కారిపోయే రెజిన్ అంటుకోకుండా బ్లాంకులను అల్యూమినియం రేకులో చుట్టి, 88 నుంచి 93 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఓవెన్ గాలి వేడి కాదు, చెక్క నడుమ వేడి ముఖ్యం. లోపలికి ఆ వేడి చేరాక ఇంకో గంటైనా ఆగాలి. రంధ్రం వేసేటప్పుడు ఘాటైన వాసన, జిగట పొట్టు వస్తే నడుమ గట్టిపడలేదని అర్థం, మళ్లీ వేడి చేయాలి. సరిగా నిండకుండా గట్టిపడిన బ్లాంకును మాత్రం రెండోసారి నింపడం కష్టం. గట్టిపడిన రెజినే దారులు మూసేస్తుంది.

ఫలితాన్ని కొలవడం తేలిక. ఆరిన బరువు, గట్టిపడ్డాక బరువు ప్రతి బ్లాంకుకూ రాసిపెట్టుకుని, పెరుగుదల శాతం చూడాలి. సాంద్రతను బట్టి వేసిన అంచనాలో ఎంత వంతు చేరిందో దానివల్ల తెలుస్తుంది.

పరికరాలు, భద్రత

కావలసినవి శూన్యపు పంపు, గేజు ఉన్న పాత్ర, ఉష్ణోగ్రత నమ్మకంగా నిలిపే చిన్న ఓవెన్, గ్రాము వరకు తూచే తక్కెడ. ఏసీ మెకానిక్కులు వాడే రెండంచెల పంపు ఈ పనికి చాలు. దాని నూనెను తరచు మార్చాలి. పంపును గంటల తరబడి నడపాలి కాబట్టి నిరంతరాయ కరెంటు కూడా ఒక అవసరమే.

శూన్యానికి తగినదని తయారీదారు చెప్పని గాజు సీసాలు వాడకూడదు. అవి లోపలికి పగిలి గాజు పెంకులు విరజిమ్ముతాయి. శూన్యపు పాత్రను గాలి ఒత్తిడి పాత్రగా వాడటం ఇంకా ప్రమాదకరం. రెజిన్‌ను పట్టుకునేటప్పుడు నైట్రైల్ చేతితొడుగులు వేసుకోవాలి. మెథాక్రిలేట్లు పదేపదే తగిలితే కొందరికి చర్మ అలర్జీ వస్తుంది, ఒకసారి వస్తే అది జీవితాంతం వెంటాడవచ్చు. వేడి చేసేటప్పుడు వచ్చే ఆవిర్లకు గాలి ఆడే చోటు కావాలి. ఈ పనికి వాడిన ఓవెన్‌ను మళ్లీ వంటకు వాడకూడదు. మిగిలిన రెజిన్‌ను కాలువలో పారబోయకుండా వేడితో గట్టిపరిచి పారేయాలి. ఉత్ప్రేరకం కలిపిన రెజిన్‌ను చల్లని చోట దాచాలి. 45 డిగ్రీలు దాటే తెలంగాణ, రాయలసీమ వేసవిలో రేకుల షెడ్డులో ఉంచితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

ఖర్చు లెక్క

ఇంట్లో చేసుకుంటే చవక అన్న మాట సగమే నిజం. బ్లాంకులోని 46 ఘ.సెం.మీ. కలపలో, 7 మి.మీ. గొట్టపు సాధారణ పెన్ను పూర్తయ్యేసరికి మిగిలేది సుమారు 8 ఘ.సెం.మీ. మాత్రమే. ఎక్కించిన రెజిన్‌లో అయిదింట నాలుగు వంతులకు పైగా లేతు కింద పొట్టుగా పడిపోతుంది. బ్లాంకును అవసరమైనంత సన్నగా, పొట్టిగా ముందే కోసుకుంటే ఈ నష్టం కొంత తగ్గుతుంది.

లెక్క వేసే తీరు ఇది: పరికరాల మొత్తం ఖర్చును, కొన్న బ్లాంకు ధరకూ సొంత బ్లాంకు ఖర్చుకూ ఉన్న తేడాతో భాగించాలి. మాటవరసకు పరికరాలు 30,000 రూపాయలై, ఒక్కో బ్లాంకుకు 150 రూపాయలు మిగిలితే, పెట్టుబడి వెనక్కి రావడానికి 200 బ్లాంకులు చేయాలి. సొంత బ్లాంకు ఖర్చులో రెజిన్‌తో పాటు కరెంటు, పంపు నూనె, పాడైన బ్లాంకులను కలపాలి. నెలకు ఒకటి రెండు పెన్నులు చేసేవారికి ఈ సంఖ్య చాలా దూరం. సంతల్లో అమ్మేవారికి దగ్గరే.

ప్రత్యామ్నాయాలు

చిన్న లోపాలకు పలుచని సయనోఆక్రిలేట్ జిగురు చాలు. లేతు మీద చెక్కుతూ మెత్తని చోట పోస్తే లోపలికి ఇంకి గట్టిపడుతుంది. ఇది పైపొరలకే పరిమితం, బ్లాంకంతా చివికి ఉంటే పనికిరాదు. ఎపాక్సీ చిక్కనిది, పైగా గంటల తరబడి ద్రవంగా నిలవదు కాబట్టి శూన్యంతో లోపలికి ఎక్కించడానికి అనువు కాదు. గుంతలు, కన్నాలు ఉన్న కలపను రంగు రెజిన్‌లో పోతపోయడం వేరే పని. దానికి శూన్యం కాదు, ఒత్తిడి పాత్ర కావాలి. చివికిన ముక్కనైతే పోతకు ముందు స్థిరీకరించడం మేలు.

వృత్తిగా చేసే సంస్థలకు బ్లాంకులు పంపి చేయించుకోవడం మరో దారి. అమెరికాలో అరిజోనాలోని కె అండ్ జి, అయోవాలోని డబ్ల్యూఎస్ఎస్ఐ ఈ పనికి పేరున్నవి. శూన్యం తర్వాత అధిక ఒత్తిడినీ వాడే సంస్థల్లో రెజిన్ ఇంటి పద్ధతిలో కన్నా లోతుగా, సమానంగా నిండుతుంది. భారత్ నుంచి పంపడం రవాణా ఖర్చు వల్ల గిట్టుబాటు కాదు. ఇక్కడివారు సిద్ధంగా ఉన్న స్థిరీకరించిన బ్లాంకు కొనడమో, సొంతంగా చేసుకోవడమో ఎంచుకోవాలి.

తెలుగు ప్రాంతంలో

లేతు మీద చిన్న వస్తువులు చెక్కే సంప్రదాయం తెలుగువారికి కొత్త కాదు. వరాహ నది ఒడ్డున ఉన్న అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగులు పట్టిస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొండపల్లి బొమ్మల తయారీదారులు తేలికైన తెల్ల పొణికి కర్రను సన్నని వేడి మీద ఆరబెట్టాకే చెక్కుతారు. కలప పనిలో ఆరబెట్టడమే మొదటి మెట్టని ఈ కళాకారులకు రెజిన్లు రాకముందే తెలుసు. రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం 1932లో మొదలుపెట్టిన రత్నం పెన్నులు లేతు మీద చేసినవే అయినా వాటి ముడిసరుకు ఎబొనైట్. గంధకం ఎక్కువ కలిపి గట్టిపరిచిన ఆ రబ్బరు గాలి తేమకు కలపలా ఉబ్బదు, కుంచించుకోదు. పొణికి తేలికైన కలప కనుక రెజిన్ పట్టడానికి దానిలో చోటు ఎక్కువ. బూజు చారల చింత, మామిడి, ముదిరిన తాటి ఈ నేల మీద విరివిగా దొరికే ముడిసరుకు.

నిర్ణయం

దట్టమైన, నూనె గల చేవ కలపతో పనిచేసేవారు స్థిరీకరణను పక్కనపెట్టి ఆరబెట్టడం మీద శ్రద్ధ పెడితే చాలు. అప్పుడప్పుడు ఒక చివికిన ముక్కతో పెన్ను చేయాలనుకునేవారికి పలుచని జిగురు గానీ, కొన్న బ్లాంకు గానీ సరిపోతుంది. సొంత చెట్టు కొమ్మ, పాత ఇంటి దూలం వంటి జ్ఞాపకార్థ కలప విషయంలో డబ్బు లెక్క పనిచేయదు. అది కొంటే దొరికేది కాదు. అలాంటి ఒక్క ముక్క కోసం పరికరాలన్నీ కొనేకంటే, దగ్గర్లో ఇప్పటికే ఆ పని చేస్తున్న వారికి ఇచ్చి చేయించుకోవడం మేలు.

మెత్తని స్థానిక కలప నిలకడగా దొరుకుతూ, ఏటా వందల్లో బ్లాంకులు వాడే అవకాశం ఉన్నవారికి సొంత స్థిరీకరణ లాభదాయకం. వారికి కూడా ముందు కొనవలసింది పంపు కాదు, తక్కెడ, ఓవెన్. పది బ్లాంకులను బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి, పగలకుండా నిలిచినవి ఎన్నో చూసుకున్నాకే మిగతా పరికరాలకు డబ్బు పెట్టాలి.